బీమా ఎవరికి ధీమా?

2025 నవంబరులో ఒక శుక్రవారం. పూతలపట్టు మసీదులో జుమా నమాజు ముగిసింది. ఇమాం సాహెబ్ దుఆకు చేతులెత్తబోతుండగా మూడో వరుసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "నా గుండెకు స్టెంటు వేయాల. నెలాఖరుకు తేదీ ఇచ్చినారు. నా కోసం దుఆ చేయండి భాయ్" అన్నారు. ఆయన మా వీధి దర్జీ. మా పిల్లలూ, వారి పిల్లలూ ఈద్ నాడు తొడుక్కున్న బట్టలు ఆయన మిషను మీద కుట్టినవే. అందరం ఆమీన్ అన్నాము. ఆ స్టెంటు అక్టోబరులోనే పడవలసినదని ఆమీన్ అన్నవారిలో చాలామందికి తెలుసు.

అక్టోబరు మొదట్లో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో యాంజియోగ్రాం తీసి, గుండెకు రక్తం తీసుకుపోయే నాళం ఒకటి పూడుకుపోయిందన్నారు. కార్డు మీదనే స్టెంటు వేస్తామని ఒక రోజు చెప్పి పంపారు. ఆ రోజు రాకముందే అక్టోబరు 10 వచ్చింది. బకాయిలు చెల్లించలేదంటూ ఆ రోజు నుండి రాష్ట్రంలోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం నిలిపివేశాయి. తమకు రావలసినది 2,700 కోట్ల రూపాయల వరకు ఉందని ఆసుపత్రుల సంఘం చెప్పింది. మా దర్జీకి ఆ కోట్ల లెక్క తెలియదు. కౌంటరులో చెప్పిన లెక్క మాత్రం అర్థమయింది. డబ్బు కడితే రేపే; కార్డు మీదనైతే సమ్మె ముగిసిన తర్వాత. లక్షా అరవై వేలు అడిగారు.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు. "హజరత్, ఇంట్లో ఆమె గాజులు నాలుగుండాయి. వడ్డీకి కుదువబెట్టి కట్టమంటారా, ఆగమంటారా?" అని అడిగారు. వడ్డీ హరామని ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నవారము మేము. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ఆ రాత్రి ఏమి చెప్పాలో తోచలేదు. తెల్లవారగానే ఆయనను వెంటబెట్టుకుని తిరుపతిలో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాము. డాక్టర్లు చూసి, ప్రస్తుతానికి మందులతో నిలకడగా ఉంటుందని చెప్పి, వరుసలో ఒక తేదీ ఇచ్చారు. నవంబరు నెలాఖరు.

దాదాపు మూడు వారాల తర్వాత, ప్రభుత్వంతో చర్చలు జరిగి, సమ్మె ముగిసింది. అయినా దర్జీ భాయ్ మళ్లీ ప్రైవేటు ఆసుపత్రికి పోలేదు. "మళ్లీ ఎప్పుడు ఆపుతారో ఎవరికి తెలుసు" అన్నారు. ఆ ఒక్క మాటతోనే ఆనాటి చర్చ మొదలయింది.

టీ కొట్టు ముందు

తిరుపతి దారి, కడప దారి విడిపోయే ఊరు మాది. కూడలిలో టీ కొట్టు దగ్గర ఎప్పుడూ పదిమంది ఉంటారు. నమాజు నుండి వచ్చినవారు, బస్సు కోసం నిలబడినవారు, మామిడి తోటల రైతులు, ఆటోలవారు. మా మాటలు సగం ఉర్దూ, సగం తెలుగు. ఆనాడు అందరి నోటా ఒకటే మాట: ఇన్సూరెన్సు కంపెనీలు వస్తున్నాయట, మన కార్డు ఏమవుతుంది?

సంగతి ఇది. 2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానాన్ని ఆమోదించింది. ధనిక, పేద తేడా లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు ఏడాదికి రెండున్నర లక్షల రూపాయల వరకు వైద్యం బీమా కంపెనీల ద్వారా జరుగుతుంది. పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల వరకు అయ్యే ఖర్చును ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. చికిత్సలు 3,257. రోగికి ఆరు గంటల్లో అనుమతి ఇస్తామన్నది కూడా అందులోని మాట. ట్రస్టు, బీమా రెండూ కలిసినది కనుక దీనిని హైబ్రిడ్ విధానం అన్నారు.

ఆటో నడిపే యువకుడు సంతోషంగా ఉన్నాడు. "మంచిదే కదా భాయ్. గవర్నమెంటు బాకీ పెట్టేది, ఆస్పత్రోళ్లు మనల్ని బయటికి పొమ్మనేది ఇంక ఉండదు. కంపెనీ అయితే టైముకు కడుతుంది" అన్నాడు.

పక్కనే బెంచీ మీద కూర్చున్న మామిడి రైతు నవ్వాడు. "ఏమబ్బా, మొన్నటి కాయల కథ అప్పుడే మరిచిపోతివా?" అన్నాడు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలన్నది ఏర్పాటు. "ఇచ్చేవాళ్లు ఇద్దరైతే అడిగేదానికి ఇద్దరి దగ్గరికి తిరగాల. కాయ పోతానే ఉంటుంది, దుడ్లు వస్తానే ఉంటాయి. రేపు ఆస్పత్రిలో కూడా అంతే. రెండున్నర లక్షల దాకా ఒకడు, ఆపైన ఇంకొకడు. ఖర్చు మధ్యలో గీత దాటినప్పుడు రోగి ఎవరి వాకిట్లో పడుకోవాల?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

కువైట్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన తమ్ముడు ఒకడు అందుకున్నాడు. "అక్కడ అకామా రెన్యువల్ చేసేటప్పుడు ప్రతి ఏడూ ఆరోగ్య బీమా కట్టాల్సిందే హజరత్. కట్టినాము, జ్వరం వస్తే క్లినిక్కుకు పోయినాము. కానీ కట్టింది మా జీతంలోంచే. ఇక్కడ కట్టేది ఎవరు?"

ప్రభుత్వం, అన్నాడు ఆటో యువకుడు.

"ప్రభుత్వం యాడనుంచి తెస్తుందప్పా? నువ్వు పోసే డీజిల్‌లోంచి, నేను తాగే ఈ టీలోంచి" అన్నాడు రైతు.

రిటైరైన స్కూలు మాస్టారు ఒకరు ఇంతసేపూ వింటూ ఉన్నారు. "మీ దర్జీకి కార్డైనా ఉంది. నా కొడుకు బెంగుళూరులో చిన్న కంపెనీలో ఉన్నాడు. ఆదాయం పరిమితి దాటిందని కార్డు లేదు. కార్పొరేట్ ఆసుపత్రికి పోయేంత జీతమూ లేదు. ఈ కొత్త పద్ధతిలో మొదటిసారి వాడిలాంటి వాళ్ల పేరు కూడా వచ్చింది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి" అన్నారు. ఆ మాట న్యాయమైనదే. ప్రతి ఊరిలోనూ ఈ నడిమి కుటుంబాలున్నాయి. ఒక్క ఆపరేషన్‌తో కిందికి జారేవారు వీరే.

మొదలైన చోటికే

ఈ పద్ధతి మనకు పూర్తిగా కొత్తది కాదు. 2007 ఏప్రిల్ 1న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీని మూడు జిల్లాలలో ప్రారంభించింది. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ఆ ఏడాది చివరికల్లా మన చిత్తూరు జిల్లాకు వచ్చింది. అప్పుడు కూడా నడిపినది ఒక బీమా కంపెనీయే. తెల్లకార్డు ఉన్న కుటుంబాల తరఫున ప్రీమియం ప్రభుత్వం కట్టేది. 2008లో మరికొన్ని చికిత్సలు చేర్చినప్పుడు వాటి ఖర్చు ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. క్రమంగా మొత్తం వ్యవహారం ట్రస్టు చేతికే వచ్చింది.

తర్వాత ప్రభుత్వాలు మారాయి. పేర్లు మారాయి. రాష్ట్ర విభజన తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారందరికీ వర్తింపజేశారు. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ కింద పేద కుటుంబానికి 5 లక్షల వైద్యం ప్రకటించింది. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వృద్ధులందరికీ, ఆదాయంతో పని లేకుండా, దానిని విస్తరించింది. మన ఇళ్లలో దాదాలు, నానీలు ఉన్నవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

పేర్లు ఇన్ని మారినా ఒకటి మారలేదు. బకాయి. 2024 మేలో ఒక ప్రభుత్వ హయాంలో ఆసుపత్రులు సేవలు ఆపాయి. 2025 అక్టోబరులో మరొక ప్రభుత్వ హయాంలో ఆపాయి. కాబట్టి ఇది ఈ పార్టీ తప్పు, ఆ పార్టీ తప్పు అని టీ కొట్టు దగ్గర గొంతు చించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. డబ్బు ఏ దారిలో నడుస్తుందో చూడాలి.

ఆరోగ్యమిత్ర చెప్పిన లెక్క

ఆ గుంపులో ఒకప్పుడు ఆరోగ్యమిత్రగా పనిచేసిన యువకుడు ఉన్నాడు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో కార్డు పట్టుకుని వచ్చిన రోగికి మొదట కనిపించేది ఆరోగ్యమిత్రే. అతడు విడమరిచి చెప్పాడు. రోగి కార్డు చూస్తారు. పరీక్షలు చేస్తారు. ఆ రిపోర్టులు పంపి ముందుగా అనుమతి తీసుకుంటారు. ప్రతి చికిత్సకు ఒక ప్యాకేజీ ధర ఉంటుంది; అందులోనే ఆపరేషను, మందులు, భోజనం అన్నీ ఇమడాలి. రోగి ఇంటికి వెళ్లాక ఆసుపత్రి బిల్లు పెడుతుంది. అది పరిశీలించి డబ్బు విడుదల చేస్తారు. "రోగి ఇంటికి పోయినాక మొదలయ్యే కథ అది. కానీ ఆ కథ బాగా నడవకపోతే తర్వాత వచ్చే రోగికి తలుపు మూసుకుంటుంది" అన్నాడు.

బీమా కంపెనీ మధ్యలోకి వస్తే ఏమవుతుంది? పాఠకులకు సులభంగా తెలియడానికి ఒక ఊహాలెక్క చెబుతాము. మాటవరసకు కుటుంబానికి ఏడాదికి వెయ్యి రూపాయల ప్రీమియం అనుకుందాము. 1.63 కోట్ల కుటుంబాలకు ప్రభుత్వం కట్టేది 1,630 కోట్లు. ఆ ఏడాది వైద్యానికి 1,400 కోట్లే ఖర్చయితే మిగిలిన 230 కోట్లు కంపెనీ ఖర్చులకు, లాభానికి పోతాయి. ఎంత ఉంచుకోవచ్చు, ఎంత తిరిగి ఇవ్వాలి అన్నది ఒప్పందంలో రాసుకున్నదానిని బట్టి ఉంటుంది. 1,800 కోట్లు ఖర్చయితే కంపెనీకి నష్టం. అప్పుడు వచ్చే ఏడు ప్రీమియం పెంచమంటుంది. లేదా బిల్లులను జల్లెడ పట్టి కొన్నింటిని కాదంటుంది.

ఇందులో ఎవరినీ దుర్మార్గులని అనవలసిన పని లేదు. ఎవరి కుర్చీలోంచి చూస్తే వారికి ఒక మేలు కనిపిస్తుంది. కంపెనీకి కాదనడంలో మేలు. ట్రస్టుకు కాదనే అవసరం అంత లేదు, కానీ ఖజానాలో డబ్బు లేనప్పుడు ఆలస్యం చేయడం సులువు. ఆసుపత్రికి ఎక్కువ చికిత్సలు చేయడంలో మేలు. ఈ ముగ్గురిలో రోగి కుర్చీలో కూర్చున్నవారు ఎవరూ లేరు. మా దర్జీ భాయ్ లాంటివారికి ఏ విధానం మంచిది అని అడిగినప్పుడు ముందు చూడవలసినది ఇదే. కాదన్నప్పుడు ఎవరితో మొరపెట్టుకోవాలి, ఎన్ని గంటల్లో జవాబు వస్తుంది, జవాబు వచ్చేదాకా వైద్యం ఆగుతుందా, సాగుతుందా? ఈ మూడింటికి కాగితం మీద స్పష్టమైన జవాబు ఉంటే ట్రస్టు అయినా ఫరవాలేదు, బీమా అయినా ఫరవాలేదు. లేకపోతే ఏదైనా ఒకటే.

ఇంటి పంచలో మాటలు

మగవారి చర్చ కూడలిలో జరిగింది. అసలు చర్చ మాత్రం సాయంత్రం మా ఇంటి పంచలో జరిగిందని చెప్పాలి. మా ఇంటావిడ దగ్గరికి వచ్చిన ఆడవారిలో ఆశా కార్యకర్తగా పనిచేసే ఆపా ఒకరున్నారు. ఊరిలో ఎవరికి బి.పి., ఎవరికి షుగర్, ఎవరు ఎన్నో నెల గర్భిణి, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

"మీరంతా పాతిక లక్షలు, రెండున్నర లక్షలు అని మాట్లాడుకుంటా ఉండారు. నేను తిరిగే ఇళ్లలో ఒక్కరు కూడా పాతిక లక్షల జబ్బుతో లేరు మౌల్వీ సాబ్. నెలకు ఏడెనిమిది వందల మాత్రలతో ఉండారు. ఈ కార్డు మంచం మీద పడినోళ్లకే. నిలబడి మాత్రలు మింగేవాళ్లకు కాదు" అన్నారు ఆపా.

ఆమె మాట పెద్ద పెద్ద లెక్కలకు సరిపోతుంది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 64 శాతం ప్రజలు తమ జేబులోంచే పెట్టుకున్నారు. 2021-22 నాటికి అది 39 శాతానికి తగ్గింది. తగ్గినది నిజమే, సంతోషమే. అయినా వంద రూపాయల్లో 39 రూపాయలు ఇంకా మన జేబులోంచే పోతున్నాయి. అందులో మందుల షాపుకు, ఓ.పి. చీటీకి, రక్త పరీక్షలకు పోయేదే చాలా ఉంటుంది. షుగర్, బి.పి. మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. వాటిని నెల నెలా తెచ్చుకుని, మానకుండా మింగితే రేపు స్టెంటు దాకా, డయాలిసిస్ దాకా పోయేవారు తగ్గుతారు. కానీ కేంద్రంలో మాత్రలు నిండుకున్న నెల పేదవాడు కొనుక్కోడు, మానేస్తాడు. ఆ నెలకు ఏ బీమా లేదు.

ఆపా ఇంకొక సంగతి కూడా గుర్తు చేశారు. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి సంవత్సరాలలో రాష్ట్రంలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు జరిగాయని విమర్శలు వచ్చాయి. ముప్పై ఏళ్లు నిండని ఆడవారికి కూడా చేశారన్నారు. అప్పుడు ప్రభుత్వం ఆ ఆపరేషన్ వంటి కొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. "ఉచితం అని చెప్తే మన ఆడోళ్లు ఎందుకు అని అడగరు. నొప్పి పోతుంది అంటే తల ఊపుతారు. డబ్బు కట్టకపోయినా ఒళ్లు మనదే కదా" అన్నారామె. ఆ మాటతో పంచలో కాసేపు నిశ్శబ్దం అలుముకుంది. మా చిన్న మరదలు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎందుకో అక్కడున్న ఆడవారికి తెలుసు.

మా తప్పు ఒకటి

ఇక మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్న. బీమా చేయించుకోవచ్చా, కూడదా?

ఈ విషయంలో ఉలమా చర్చించినది చాలా ఉంది. 1985 డిసెంబరులో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియం కట్టే వ్యాపార బీమాలో అనిశ్చితి ఉన్నదని, అది తగదని తీర్మానించింది. దానికి బదులు సభ్యులంతా కలిసి ఒకరికొకరు సాయపడే సహకార బీమాను సమ్మతించింది. 1979లో సూడాన్‌లో మొదలైన ఇస్లామీ బీమా సంస్థ, 1984లో మలేషియా చేసిన తకాఫుల్ చట్టం ఆ దారిలోనివే. దాని మూలం కొత్తది కాదు. అష్‌అరీ తెగ వారు ఆహారం తగ్గినప్పుడు ఉన్నదంతా ఒక గుడ్డ మీద పోసి సమానంగా కొలిచి పంచుకునేవారని, దైవప్రవక్త (స) వారిని ఎంతో మెచ్చుకున్నారని హదీసు చదివినవారికి తెలుసు. మన పూతలపట్టులో, చిత్తూరులో తకాఫుల్ ఆఫీసు లేదు. ఇక్కడ దొరికేది మామూలు పాలసీయే. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జి.ఎస్.టి. కూడా తీసివేశారు కనుక ఏజెంట్లు ఇంటికి వస్తున్నారు. ప్రభుత్వం తన ఖజానాలోంచి పేదవారికి కల్పించే వైద్యం సంగతి వేరు. అందులో రోగి ఏ పందెమూ కాయడు. దానిని ప్రభుత్వ సహాయంగా చూడాలన్నది మాకు అర్థమైన మేరకు మాట. సొంతంగా కొనే పాలసీ గురించి ఎవరికి వారు తాము నమ్మిన ముఫ్తీ సాహెబ్‌ను, తమ పరిస్థితి అంతా వివరించి, అడగాలి.

ఇంత చెప్పి ఊరుకుంటే మేము నిజం సగమే చెప్పినట్లవుతుంది. పన్నెండేళ్ల కిందట మా బావమరిది ఒకడు ఇదే ప్రశ్న మమ్మల్ని అడిగాడు. లారీలు బాగుచేసే మెకానిక్కు. తెల్లకార్డు లేదు. "బావా, ఏడాదికి ఆరేడు వేలు కడితే ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి అంటున్నారు, కట్టేదా?" అన్నాడు. మేము కితాబులో చదివినది చెప్పాము. అల్లాహ్ మీద భరోసా ఉంచుకోమన్నాము. ఒంటెను కట్టిన తర్వాతే భరోసా అన్న బోధను ఎందరికో చెప్పిన మేమే, అతడు ఒంటెను దేనితో కట్టుకోవాలో చెప్పలేదు. రెండేళ్లు తిరగకుండా జాకీ జారి అతడి కాలు నలిగింది. మూడు ఆపరేషన్లు. వేలూరులో నెలన్నర ఉన్నారు. ఊరి బయట కొనుక్కున్న ఇంటి స్థలం పోయింది. వడ్డీకి అప్పు కూడా చేశారని తర్వాత తెలిసింది. బీమా వద్దన్న మా మాట విని, చివరికి వడ్డీలో పడ్డాడు. అతడు ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈద్ నాడు ఆలింగనం చేసుకునేటప్పుడు అతడి కాలి వంక చూడలేకపోతాము.

వద్దని చెప్పడం సులభం. వద్దన్నవాడు బదులుగా ఏమిస్తాడు? ఈ ప్రశ్న మాలాంటి వారు వేసుకోవలసి ఉంది.

మనం చేయగలిగినది

సమ్మె రోజుల్లో దర్జీ భాయ్ కోసం మసీదులో ఒక పెట్టె పెట్టాము. అది ఇప్పటికీ ఉంది. వారానికి ఇంటికి పది రూపాయలు. లెక్క ఒక నోటు పుస్తకంలో రాసి జుమా రోజు గోడకు తగిలిస్తారు. ఈ పెట్టె ఎవరికీ స్టెంటు వేయించలేదు, అది దాని పని కూడా కాదు. ఆపరేషన్ ప్రభుత్వం చూడాలి, దానికోసం గట్టిగా అడగాలి. కార్డు చూడనివి ఈ పెట్టె చూస్తుంది. తిరుపతికి బస్సు ఛార్జీ, తోడున్నవారి భోజనం, ఆరోగ్య కేంద్రంలో మాత్రలు నిండుకున్న నెలలో ఒక పేద ఇంటికి మాత్రలు. మసీదు వీధిలోనివారే కాక మామిడి రైతు కూడా వారం వారం ఇస్తున్నాడు. మొదటిసారి దాని నుండి బస్సు ఛార్జీ తీసుకున్నది పక్క వీధి చాకలి ముసలమ్మ. మతం అడిగే పెట్టె కాదు అది.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి. ఏ పేరుతో ఏ పథకం వచ్చినా నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి.

ఒకటి, మీ ఇంట్లో అందరి పేర్లూ కార్డులో ఉన్నాయా? కొత్త కోడలు, పుట్టిన బిడ్డ పేర్లు ఎక్కించారా? చాలా ఇళ్లలో ఈ తప్పు ఆసుపత్రి వాకిట్లోనే బయటపడుతుంది.

రెండు, మీరు వెళ్లే ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నదా? మీ జబ్బు అక్కడ కార్డు కింద వస్తుందా? చేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి.

మూడు, డబ్బు అడిగితే దేనికో చెప్పమని, రసీదు ఇవ్వమని అడగండి. కాదంటే ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా అక్కడే తెలుసుకోండి.

నాలుగు, ఆపరేషన్ అన్నప్పుడు, ముఖ్యంగా ఆడవారికి, చేయకపోతే ఏమవుతుందని డాక్టరును అడగండి. అది అమర్యాద కాదు. వీలైతే ప్రభుత్వ ఆసుపత్రిలో మరొక డాక్టరుకు చూపించండి.

ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చినవారిని మరొక రెండు అడగండి. ఆసుపత్రులకు డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు? మంచాన పడి కూలి పోగొట్టుకున్న మనిషికి ఏమిస్తారు? 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5 వేలకు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు ఎవరిదైనా కానివ్వండి, ఆ ఆలోచన మంచిది. కూలి మనిషికి జబ్బు ఖర్చు ఒక ఎత్తు, జబ్బు రోజుల్లో పోయిన కూలి మరొక ఎత్తు.

మా దర్జీ భాయ్‌కు నవంబరు ఆఖరులో స్టెంటు వేశారు. అల్‌హమ్దులిల్లాహ్, కుశలంగా ఉన్నారు. ఆసుపత్రి ఒక్క రూపాయి తీసుకోలేదు. అయినా ఆయన కొడుకు రాసిపెట్టిన చీటీలో బస్సులకు, భోజనాలకు, బయట కొన్న మందులకు, మిషను ఆగిపోయిన రోజులకు కలిపి 14,300 రూపాయలు తేలింది. గాజులు ఇంట్లోనే ఉన్నాయి.

కొంతకాలం కాలితో మిషను తొక్కవద్దని డాక్టరు చెప్పారట. పెట్టెలోని డబ్బుతో, ఆటో యువకుడు తన వంతు కొంత కలిపి, పాత మిషనుకు ఒక చిన్న మోటారు బిగించారు. మొన్న శుక్రవారం నమాజుకు వెళుతుంటే ఆ చప్పుడు వినిపించింది. కొత్త చప్పుడు, ఇంకా అలవాటు కాలేదు. "ఈ ఈద్‌కు మీ మనవడి కొలతలు పంపండి హజరత్" అన్నారు గుమ్మంలోంచి.